సొంత దారం

బల్లకి ఆ చివర నిలబడి గొణుగుడు అనే ఆయన తాళ్లను ఒక్క గుంజు గుంజేసరికి, ఈ చివర పట్టుకున్న నిచ్చెన అనే అమ్మాయి ముందుకు తూలింది.

"పట్టుకోమంటే ఊయల ఊగుతున్నావేంటి?" అన్నాడు ఆయన తల ఎత్తకుండానే.

ఆమె కాళ్లు ఊనుకుని తాళ్లు మళ్లీ బిగించింది. ఎదురు మాటంటే ఇంకో మాట వస్తుంది. ఆ మాటకి బదులిస్తే మధ్యాహ్నం దాకా అదే సంత. కవాతు నేర్చుకుని, తుపాకీ తుడవడం నేర్చుకుని, ఈ పారాచూట్ల షెడ్డుకి వచ్చి పడ్డ రోజు నుంచీ ఆమె చేస్తున్న పని తాళ్లు బిగువుగా పట్టుకోవడమే. పీట ఎక్కకుండానే పైన ఉన్న కొక్కేలు అందుతాయని మొదటి రోజే నిచ్చెన అని పేరు పెట్టారు. ఎదుటి మనిషికి గొణుగుడు అని ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. పెట్టినవాళ్లు మాత్రం తప్పు పెట్టలేదు. నిద్రలో కూడా ఆయన ఎవరినో ఒకరిని తిడుతూనే ఉంటాడని పక్క మంచం వాళ్లు చెబుతారు.

షెడ్డులో పారాచూట్‌ని గొడుగు అంటారు. పొడుగాటి బల్ల మీద గొడుగు గుడ్డను పరిచి, ముడతలు చేత్తో సాపు చేసి, మడత మీద మడత పెట్టి, తాళ్లను మెలిక పడకుండా చుట్టి సంచిలోకి దించుతారు. చివరికి సంచి మూతికి దారంతో ముడి వేస్తారు. ఆ దారం రంగు మనిషికొకటి. గొణుగుడిది గోధుమ రంగు. ఎవరి దారం ఉంటే అది వాళ్ల మడత. పై అధికారి సంచులు పెట్టే అర దగ్గరికి వచ్చి ఏ సంచినైనా చూపించి "కట్టుకో" అంటే, ఆ దారం గల మనిషి మారుమాటాడకుండా దాన్ని వీపున కట్టుకుని విమానం ఎక్కాలి. కుదరదు అన్నవాడి దారం ఆ రోజే కత్తిరిస్తారు. ఈ షెడ్డులో అంతకు మించిన అవమానం లేదు.

తాళ్లు పట్టేవాళ్లకి దారం ఉండదు. దారం కావాలంటే దూరంగా ఉన్న మడతల స్కూలుకి వెళ్లి శిక్షణ పూర్తి చేసి, చివరి రోజు సొంత మడతతో దూకి రావాలి. రాబోయే బ్యాచ్‌లో నిచ్చెన పేరు ఉంది. దానికి పెట్టిన ఎంపిక పరీక్ష పాసైన సాయంత్రమే బజారుకి వెళ్లి ఆకుపచ్చ దారం ఉండ ఒకటి కొనుక్కుని, పెట్టెలో మేజోళ్ల కింద దాచుకుంది. తొందరపాటే. కానీ ఆమెకి ఇంతవరకు దేనిమీదా తన గుర్తంటూ లేదు. తాళ్లు పట్టుకున్న చేతులు ఎవరివని ఎవరూ అడగరు.

ఆ పూట మడత సగంలో ఉండగా బయట జీపు ఆగింది. సార్జెంటు లోపలికి వచ్చాడు. ఎప్పుడూ నవ్వు అతికించుకుని తిరిగే మనిషి ఆయన. ఆ నవ్వు ఇప్పుడు లేదు.

"కొత్త కుర్రాడి గొడుగు ఆలస్యంగా తెరుచుకుంది. తొడ ఎముక విరిగింది. బతికాడు" అన్నాడు. చేతిలో తెగిన దారం ముక్క ఉంది. దాన్ని బల్ల మీద పడేశాడు. గోధుమ రంగు.

గొణుగుడు దాన్ని చూశాడు. మొదటిసారిగా ఆయన నోట్లోంచి ఏ మాటా రాలేదు.

"విచారణ అయ్యేదాకా బల్ల ముట్టుకోకు" అన్నాడు సార్జెంటు. "ఊడవడం చేతనవును కదా? చీపురు అందుకో."

నిచ్చెన చేతుల్లో తాళ్లు ఇంకా బిగువుగానే ఉన్నాయి. వాటిని వదలాలని ఆమెకి తోచలేదు. ఆమె కళ్ల ముందు ఆదివారం పొద్దు మెదిలింది.

ఆ ముందు రోజు మేజరు ఇంట్లో విందు జరిగింది. వాన ముంచెత్తడంతో పచ్చిక మీద వేసిన గుడారాలు తడిసి ముద్దయ్యాయి. గుడారాలు అద్దెవి, బూజు పట్టకుండా ఆరబెట్టి తిరిగివ్వాలి. అంత ఎత్తున గుడ్డ ఆరేసే చోటు క్యాంపులో ఒక్కటే, షెడ్డు పక్కనున్న టవరు. అప్పటికి దాన్నిండా అంతకుముందు దూకుళ్లలో తడిసిన గొడుగులు వేలాడుతున్నాయి. ఆదివారం పొద్దున సార్జెంటు వచ్చి "దింపేయండి" అన్నాడు. డ్యూటీలో ఉన్నది నిచ్చెన. కప్పీ మీది తాడు వదిలి గొడుగులు దింపింది ఆమే. కిందికి దిగిన గుడ్డ ఆమె చేతికి చల్లగా తగిలింది.

సోమవారం గొణుగుడు ఆ గుడ్డని తీసి బుగ్గకు ఆనించుకున్నాడు. చలికాలం చేత్తో ముట్టుకుంటే చలీ తడీ ఒకేలా ఉంటాయి. బుగ్గ ఒక్కటే తేడా చెబుతుంది. "చెమ్మగా ఉంది" అన్నాడు. "చలికి చల్లగా ఉందయ్యా, చెమ్మా లేదు, గిమ్మా లేదు" అని సార్జెంటు నవ్వాడు. పైగా దూకుడికి ఇవ్వాల్సిన సంచులు తక్కువ పడుతున్నాయని తనే చొక్కా చేతులు మడిచి నాలుగు గొడుగులు మడతపెట్టి, ఎన్నాళ్లకో బయటికి తీసిన తన ఎర్ర దారంతో ముడులు వేశాడు. చూశారా, ఇంకా చెయ్యి తిరుగుతోంది అని అందరికీ చూపించుకున్నాడు. గొణుగుడు గొణుక్కుంటూనే మడతపెట్టాడు. గొణుక్కుంటూనే ముడి వేశాడు. నిచ్చెన తాళ్లు పట్టుకుంది.

ప్రమాదం వార్త వచ్చిన మర్నాడు సార్జెంటు ఆమెను తన గదికి పిలిపించాడు.

"కూర్చోమ్మా."

ఆ గదిలో ఆమెని కూర్చోమనడం అదే మొదలు. అంచు మీద కూర్చుంది. పోయిన నవ్వు ఆయన మొహం మీదికి మళ్లీ వచ్చేసింది.

"మేజరుగారి ఆఫీసులో ఫోన్ల దగ్గరికి మనిషి కావాలి. ఫ్యాను కింద కుర్చీ. ఎండలో నిలబడక్కర్లేదు, దుమ్ము తినక్కర్లేదు. మీ అన్న ఉండేది కూడా ఈ ఊళ్లోనే కదా. కడుపులో చల్ల కదలకుండా ఉద్యోగం చేసుకోవచ్చు. ఎంతమంది కాళ్లావేళ్లా పడుతున్నారో తెలుసా?"

"నా పేరు స్కూలు బ్యాచ్‌లో ఉంది కదా సార్."

"ఉంది. ఉంటే? ఆఫీసు డ్యూటీ కావాలంటే శిక్షణ వదులుకోవచ్చు. నీ ఇష్టం. శనివారం స్కూలు కెప్టెనమ్మ వస్తోంది. విచారణ చేసేదీ ఆమే, బ్యాచ్‌ని తీసుకెళ్లేదీ ఆమే. ఏది కావాలో ఆమె ముందే చెప్పెయ్." ఆయన పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. "పనిలో పని, గొడుగులు బాగా ఆరాకే దింపానని కూడా చెప్పు. తర్వాత గొణుగుడు వాటిని ఎక్కడ పడేశాడో, ఎలా మడతపెట్టాడో నీకు తెలీదు."

"ఆరలేదు కదా సార్. మీరే దింపమన్నారు."

"నేనా?" సార్జెంటు ముందుకు వంగాడు. నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. "కప్పీ తాడు ఎవరి చేతిలో ఉందమ్మా? నేను ముట్టుకున్నానా? శిక్షణ అంటావా, అను. నేనూ అప్పుడు చెప్పాల్సి వస్తుంది, పచ్చిగా ఉన్నవి దింపిన మనిషి ఈమే అని. ఒకడి కాలు విరగ్గొట్టినదాన్ని ఆ స్కూలు గేటు దాకా కూడా రానివ్వరు. కుర్చీ కావాలో, చీపురు కావాలో తేల్చుకో."

ఆమె లేచి సెల్యూట్ చేసి బయటికి వచ్చింది. ఒళ్లంతా మండిపోతోంది. ఆ మంట ఆయన మీదో, ఆ తాడు వదిలిన తన చేతుల మీదో ఆమెకే తెలియలేదు.

శుక్రవారం సాయంత్రం సెలవు అడిగి అన్న ఇంటికి వెళ్లింది. అన్నకి రోడ్డు మీద టైర్ల షాపు, వెనకే ఇల్లు. షాపు ముందు క్యాంపు జీపు జాకీ మీద లేచి ఉంది. అన్న తొట్టెలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు.

"రావమ్మా రా," అంది వదిన గుమ్మంలోంచి. "కుర్చీ ఇస్తామంటే కాదని ఆకాశంలోంచి దూకుతానంటోందట మన మహారాణి. ఎవరికైనా చెబితే నవ్వుతారు."

"మీకెవరు చెప్పారు?"

"ఎవరో ఎందుకు చెబుతారు? సార్జెంటుగారే స్వయంగా వచ్చి చెప్పారు," అన్నాడు అన్న. "మర్యాదగా ఇదిగో ఈ ఇనప స్టూలు మీద కూర్చుని చెప్పారు. నీ అదృష్టానికి నువ్వు అడ్డం పడకుండా చూడమన్నారు. క్యాంపు జీపులన్నీ మన దగ్గరికే పంపుతున్నది ఆయన. తెలుసా నీకు?"

"అన్నయ్యా, ఒక కుర్రాడికి కాలు విరిగింది."

"నువ్వు విరగ్గొట్టావా?"

ఆమె తన అరచేతుల వంక చూసుకుంది. అన్న ట్యూబు తుడిచి, రబ్బరు ముక్క అతికించి, గాలి కొట్టాడు. తర్వాత అతుకుని చెంప దగ్గర పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూశాడు. గాలి పోతుంటే ముందు చెంపకే తెలుస్తుంది. ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అది. ఇవాళ మాత్రం గొణుగుడి బుగ్గ గుర్తొచ్చింది.

"అలా చూడకుండా చక్రం బిగిస్తావా అన్నయ్యా?"

"బిగిస్తే ఇంకేమైనా ఉందా? బండి బోల్తా కొడుతుంది."

"క్యాంపువాళ్లు తొందరపెడితే?"

"తొందరపెడితే మాత్రం?" అని ఆయన ట్యూబు కింద పెట్టేశాడు. చెల్లెలు తనని ఎక్కడికి నడిపిస్తోందో అప్పుడు అర్థమైంది. మొహం ఎర్రబడింది. "నాకు పాఠాలు చెప్పకు. ఇది వేరు, అది వేరు. నీ మూలంగా ఈ జీపులు రావడం మానేశాయా, మళ్లీ ఈ గడప తొక్కకు. ముందే చెబుతున్నా."

వదిన కంచం పెట్టింది. నిచ్చెన రెండు ముద్దలు మింగి చెయ్యి కడుక్కుంది. "ఆ పొగరుతో అన్నం కూడా ఎక్కదు," అని వెనక నుంచి వదిన గొంతు వినపడింది. కోపంతో ఆమె చెవులు వేడెక్కాయి. ఏడుపూ వచ్చింది. ఏడుస్తూ క్యాంపు గేటు దాటడం ఇష్టం లేక, గోడ పక్కన కాసేపు నిలబడి మొహం ఎండనిచ్చి లోపలికి వెళ్లింది.

షెడ్డు వెనక గొణుగుడు చీపురు పక్కన పెట్టి, చిక్కుపడ్డ పాత తాళ్లు విప్పుతున్నాడు. ఆమె వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

"రేపు నేను ఉన్నదున్నట్టు చెప్పేస్తాను," అంది.

"ఎవరడిగారు?"

"మీమీద అన్యాయంగా…"

"ఆపు." ఆయన తాడు కింద పడేశాడు. "నీ జాలి నాకేం అక్కర్లేదు. వాడు దింపమన్నాడు. నువ్వు దింపావు. అది చెమ్మని నా బుగ్గకి తెలుసు, అయినా ముడి వేశాను. ఆ కుర్రాడు పడ్డది నా దారంతోనే. రేపు నువ్వు వెళ్లి వాడి పేరు చెప్పి, నా పేరు తుడిచేసి, నువ్వు మాత్రం కడిగిన ముత్యంలా బయటికి రావాలనుకుంటున్నావు. అవునా?"

"నేనలా అనుకోలేదు."

"అనుకున్నావు. నీ మొహంలో కనపడుతోంది. పో అవతలికి, వెలుతురుకి అడ్డం."

అంత మాట అన్న మనిషి కోసం రేపు నోరు విప్పాలా అని ఆమెకి ఒళ్లు మండింది. మంచం మీద పడుకుని పళ్లు నూరుకుంది. కానీ ఆయన అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందా అని ఎంత వెతికినా దొరకలేదు. నిజంగానే ఆమె తన తాడు సంగతి దాటేసి, సార్జెంటు మాట నుంచి కథ మొదలు పెడదామనుకుంది.

శనివారం పొద్దున అందర్నీ షెడ్డులో వరసగా నిలబెట్టారు. మేజరు బూటుకంటిన బురద చూసుకుంటున్నాడు. స్కూలు కెప్టెనమ్మ పొట్టి మనిషి. జుట్టు మగవాళ్లలా కత్తిరించుకుంది. వచ్చినప్పటి నుంచీ ఎవరి మొహమూ చూడకుండా అరలో మిగిలిన సంచుల్నే చూస్తోంది. ప్రమాదం జరగ్గానే దూకుళ్లు ఆపేశారు కాబట్టి సోమవారం మడతల్లో సగం అక్కడే ఉన్నాయి. వాటిని విప్పిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని సార్జెంటు ముట్టుకోనివ్వలేదు.

"ఇవి ఎలా ఉన్నాయి?" అంది ఆమె.

"దివ్యంగా ఉన్నాయి మేడం," అన్నాడు సార్జెంటు. "ఆ ఒక్క మడతలోనే లోపం. ఆ మనిషికి ఈమధ్య పని మీద ధ్యాస లేదు."

గొణుగుడు నేల చూపులు చూస్తున్నాడు. కెప్టెనమ్మ నిచ్చెన ముందుకి వచ్చి ఆగింది. తల వెనక్కి వంచి చూడాల్సి వచ్చింది.

"బ్యాచ్‌లో పేరున్నది నీదేనా? మేజరుగారు నిన్ను ఆఫీసు డ్యూటీకి అడుగుతున్నారు. ఏది కావాలి?"

సార్జెంటు ఆమెవైపు చూసి నవ్వాడు. అన్న గడప, మేజోళ్ల కింది దారం ఉండ, ఫ్యాను కింది కుర్చీ అన్నీ ఒక్కసారే నిచ్చెన కళ్ల ముందుకొచ్చాయి.

"నాకు శిక్షణ కావాలి మేడం," అంది. "కానీ ముందు ఒకటి చెప్పాలి. ఆదివారం ఈ గొడుగులు దింపింది నేను. ఇంకా ఆరలేదు. ఆరలేదని నాకు తెలుసు. అయినా దింపాను."

షెడ్డులో ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు వినపడింది.

"ఎందుకు దింపావు?"

"టవరు మీద మేజరుగారింటి గుడారాలు ఆరెయ్యాలని సార్జెంటుగారు చెప్పారు."

మేజరు బురద సంగతి మర్చిపోయాడు. సార్జెంటు మాత్రం తొణకలేదు. "చూశారా మేడం, తప్పు చేసి నామీదికి తోస్తోంది. గుడారాలు ఆరేసిన మాట నిజమే. గొడుగులు ఆరాకనే ఆరేశాం. కావాలంటే ఈ అరలో ఏ సంచి అయినా చూసుకోండి. ఒక్కదాంట్లో చెమ్మ ఉంటే నన్నడగండి."

"వాటిలో సార్జెంటుగారి మడతలు కూడా ఉన్నాయి మేడం," అంది నిచ్చెన. "ఎర్ర దారం."

కెప్టెనమ్మ నేరుగా అర దగ్గరికి వెళ్లింది. ఎర్ర దారమున్న సంచి ఒకటి లాగి, తెచ్చి, సార్జెంటు చేతుల్లో పెట్టింది.

"కట్టుకో. మైదానంలో విమానం సిద్ధంగానే ఉంది."

సార్జెంటు సంచి అందుకున్నాడు. పట్టీలోకి ఒక చెయ్యి దూర్చాడు. రెండో చెయ్యి కూడా దూర్చబోయి ఆగాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది కానీ అది ఎవరిదో అన్నట్టుంది.

"ఒక్కసారి… ఒక్కసారి విప్పి చూసుకుని కట్టుకుంటాను మేడం."

"ఎందుకు?" అంది కెప్టెనమ్మ.

సార్జెంటు పట్టీలోంచి చెయ్యి బయటికి తీశాడు. షెడ్డులో అందరూ దారాలున్నవాళ్లే, లేదా దారాల కోసం కాచుకున్నవాళ్లే. జవాబు అందరికీ తెలుసు. కెప్టెనమ్మ జేబులోంచి చిన్న కత్తెర తీసి ఎర్ర దారం కత్తిరించింది. ఆ ముక్క నేల మీద పడింది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

మేజరు సార్జెంటుని వెంటబెట్టుకుని బయటికి నడిచాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "ఈ మనిషి నా ఆఫీసుకి అక్కర్లేదు," అని నిచ్చెనని వేలితో చూపించి మరీ వెళ్లాడు.

కెప్టెనమ్మ గొణుగుడు వైపు తిరిగింది. "చెమ్మని తెలిసే ముడి వేశావా?"

"వేశాను."

"ఇవన్నీ ఆరాక మొదటిది నువ్వే కట్టుకుంటావు."

"కట్టుకుంటాను."

తర్వాత నిచ్చెన వైపు చూసింది. నిచ్చెన నిజం చెప్పింది కదా. చెప్పినందుకు ఏదో ఒకటి దక్కుతుందని, ఎంత వద్దనుకున్నా, లోపల ఒక మూల ఆశ ఉంది.

"నిన్ను ఈసారి తీసుకెళ్లను," అంది కెప్టెనమ్మ. గొంతులో కోపమూ లేదు, దయా లేదు. "ఆరలేదని తెలిసీ దింపినదానికి దారం ఎలా ఇస్తాను? వచ్చే బ్యాచ్‌కి అడుగు. ఈ షెడ్డులో దారమున్న మనిషి ఎవరైనా నీ తరఫున నిలబడాలి. నిలబడితే చూద్దాం."

షెడ్డంతా గొణుగుడు వైపు చూసింది. ఆయన పైకప్పు రేకుల వైపు చూశాడు.

అలా కుర్చీ పోయింది, బ్యాచ్ పోయింది, బహుశా అన్న గడపా పోయింది. నిచ్చెన బల్ల దగ్గరికి వెళ్లి ఎప్పటి చోట నిలబడింది. ఇంకెక్కడ నిలబడాలో ఆమెకి తెలియదు. బల్ల అంచు పట్టుకుంది.

మధ్యాహ్నం అరలోని సంచులన్నీ విప్పడం మొదలుపెట్టారు. గొణుగుడు బల్ల ఆ చివరికి వచ్చాడు. తన గోధుమ దారం తనే తెంపి, గుడ్డ బయటికి లాగి, ఒక కొస ఆమె మీదికి విసిరాడు.

"బుగ్గకు ఆనించు."

ఆనించింది.

"చలా, తడా?"

"తడి."

"వినపడలా."

"తడి!" అంది ఆమె. రేకులు మోగాయి. టవరు దగ్గర కప్పీకి తాడు ఎక్కిస్తున్నవాళ్లు ఇటు తిరిగి చూశారు.

"ఆదివారం ఎక్కడికి పోయింది ఈ గొంతు?" అన్నాడు ఆయన. తర్వాత ఇంకా ఏదో గొణిగాడు. అందులో సగం తనని తనే తిట్టుకుంటున్నాడని ఆమెకి అనిపించింది. కానీ ఆ మనిషి విషయంలో గట్టిగా చెప్పలేం.

ఒక్కొక్క గొడుగే విప్పి, మోసుకెళ్లి, టవరు మీదికి లాగారు. ఎర్ర దారాల సంచుల్లోవి అన్నిటికన్నా పచ్చిగా ఉన్నాయి. చివరి గొడుగు పైకి వెళ్తుండగా కప్పీ తాడు కొస నిచ్చెన చేతిలో ఉంది. పక్కన గొణుగుడు తల ఎత్తి గుడ్డ వంకే చూస్తున్నాడు.

"ఏ రంగు అనుకున్నావు?" అన్నాడు ఉన్నట్టుండి.

ఏమడుగుతున్నాడో అర్థం కావడానికి ఆమెకి కాసేపు పట్టింది.

"ఆకుపచ్చ," అంది.

గొణుగుడు మొహం చిట్లించాడు.

"బుద్ధి ఉందా? గడ్డిలో పడితే ఎలా కనపడుతుంది? వచ్చే బ్యాచ్‌లోగా వేరే రంగు కొనుక్కో" అని, బల్ల తుడవడానికి లోపలికి వెళ్లిపోయాడు.